కూర్చున్న ఎత్తుకు ఒక ఇల్లు

ఆఫీసులో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది కాదు, సొంత చెల్లెలు పెట్టింది. ఓ రోజు చెల్లెలు ఆఫీసుకు ఫోన్ చేసి, "మా కొలతలమ్మ ఉందాండీ?" అని అడిగితే, ఫోన్ ఎత్తినాయన నవ్వు ఆపుకోలేక హాలంతా చాటాడు. అంతే, పేరు అతుక్కుపోయింది. ఆమె కూడా కాదనలేదు. ఎక్కడికి వెళ్ళినా సంచిలో కొలిచే టేపు ఉండాల్సిందే. చుట్టాలింటికి వెళ్ళినా వాళ్ళ తలుపు వెడల్పు చూసి లోపల్లోపల పెదవి విరిచే మనిషి.

ఆమె పని ఇళ్ళు గీయడం. ఇటుక మీద ఇటుక పేర్చే ఇళ్ళు కావు. ఆఫీసు వెనక ఉన్న పెద్ద షెడ్డులో గదికి గది విడిగా తయారయ్యేది. ఆ గదులు లారీల మీద వెళ్ళేవి, క్రేను వాటిని పునాది మీద దింపేది, పనివాళ్ళు ఒకదానికొకటి బిగించేవారు. వచ్చినవాళ్ళు తమ అవసరాన్నిబట్టి గదులు ఎంచుకోవచ్చు, కిటికీలు అటూ ఇటూ మార్చుకోవచ్చు, సంసారం పెరిగితే ఇంకో గది తగిలించుకోవచ్చు. గోడల మధ్య వేడిని ఆపే దట్టమైన పొర, కిటికీలకు జంట అద్దాలు, ఎండ ఎటునుంచి వస్తే అటు చూరు. ఫ్యాను లేకుండా కూడా మధ్యాహ్నం కునుకు తీయగలిగే ఇల్లు ఇవ్వడమే ఆమె పట్టుదల.

"అగ్గిపెట్టెలు చేస్తారు మీరు," అనేది చెల్లెలు. "తేడా ఏంటంటే మీ పెట్టెలో పుల్లలు వెలగవు, చల్లగా పడుకుంటాయి."

ఆ చెల్లెలు ఓ పెద్దాసుపత్రి క్యాంటీన్లో వంట చేసేది. గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. గంగాళాల్లో గరిటె తిప్పుతూ, కూరలు తరిగేవాళ్ళ మీద కేకలేస్తూ, మధ్యలో వాళ్ళనే నవ్విస్తూ రోజంతా నిలబడే ఉండేది. "ఉప్పు తక్కువైతే రోగులొస్తారు దెబ్బలాటకి, ఎక్కువైతే డాక్టర్లొస్తారు. నా బతుకు ఆ రెండు చిటికెల మధ్య ఉందే అమ్మా," అని ఇంటికొచ్చి చెప్పేది. అమ్మ ఆమెను గడుగ్గాయి అనేది, ముప్పై దాటాక కూడా.

ఒక వేసవిలో గరిటె చేతిలోంచి జారిపోయింది. నవ్వేసి తీసుకుంది. మళ్ళీ జారింది. కొన్నాళ్ళకు కాళ్ళు తడబడ్డాయి. తాను వండిపెట్టిన ఆసుపత్రిలోనే పరీక్షలయ్యాయి, తన చేతి భోజనం తిన్న డాక్టరే కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. నరాల జబ్బు. తగ్గేది కాదు, నెమ్మదిగా ముదిరేది. "అన్నిటికన్నా వేడితో జాగ్రత్తమ్మా," అన్నాడాయన. "ఒళ్ళు వేడెక్కిందంటే నరాలు మాట వినవు. పొయ్యి దగ్గరికి ఇక వెళ్ళొద్దు."

పొయ్యి ముందే పెద్దదైన మనిషి అది విని, "అయితే నన్ను ఫ్రిజ్జులో పెట్టండి డాక్టరు గారూ," అంది. ఆయన నవ్వలేదు.

అమ్మా, చెల్లెలూ ఉండేది ఓ పాత భవనంలో పై అంతస్తులో. నెత్తిన శ్లాబు, దాని మీద ఆకాశం. పొద్దెక్కేసరికి శ్లాబు కాలిపోయేది, సాయంత్రానికి ఆ వేడినంతా గదిలోకి దింపేది. అప్పటికే చక్రాల కుర్చీకి చేరిన చెల్లెలి మెడకు అమ్మ తడిగుడ్డ చుట్టేది. అది ఆరితే మళ్ళీ తడిపేది. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో చెల్లెలి చేతులు ఒళ్ళో పడి ఉండేవి, ఎవరో మరిచిపోయి వదిలేసి వెళ్ళినట్టు. గాలి చల్లబడ్డాక వేళ్ళు కొద్దికొద్దిగా కదిలేవి. ఆఫీసు దగ్గర ఓ గదిలో ఉండే కొలతలమ్మ, తీరిక దొరికినప్పుడల్లా వచ్చి, చూసి, ఏం చేయాలో తోచక శ్లాబు మందం కొలిచేది.

"కొలవకే అక్కా, కుదిరితే దించు దాన్ని," అంది చెల్లెలు ఒకసారి.

ఆ మాటతోనే నిర్ణయమైపోయింది. ఊరి చివర నాన్న ఉన్నప్పుడు కొని, హద్దురాళ్ళు పాతి వదిలేసిన చిన్న జాగా ఉంది. అక్కడ చెల్లెలికి ఇల్లు. తన చేత్తో గీసిన ఇల్లు.

కొలతలమ్మ అట్టముక్కలు కత్తిరించి గదుల నమూనాలు చేసుకొచ్చి చెల్లెలి మంచం మీద పోసింది. ఇది వంటగది, ఇది హాలు, ఇది అమ్మ గది, ఇది నీ గది. చెల్లెలు వాటిని పేకముక్కలు కలిపినట్టు కలిపేసి, తన గదిని తీసుకెళ్ళి జాగాలో రోడ్డు వైపు మూలన పెట్టింది.

"అటు పడమర. సాయంత్రం ఎండ తిన్నగా నీ మొహం మీదికే వస్తుంది."

"రోడ్డు కనపడాలి. లారీలు పోవాలి, బడి పిల్లలు పోవాలి, ఎవరైనా కొట్టుకుంటుంటే చూడాలి. పెరటి వైపు పెడితే నేనేం చూడను, మీ గోడల మందమా?"

కొలతలమ్మ ఆ అట్టముక్కలు పట్టుకుని ఇంటికెళ్ళి రోజుల తరబడి కుస్తీ పట్టింది. చివరికి గదిని కాదు, ఇల్లు మొత్తాన్నే జాగాలో ఏటవాలుగా తిప్పింది. రోడ్డు మలుపు తిరిగే చోటు చెల్లెలి కిటికీలోంచి ఉత్తరం వెలుగులో కనపడేలా కుదిరింది. కిటికీ అడుగు భాగాన్ని మంచం ఎత్తుకు దించింది. గీసిన కాగితం తీసుకొచ్చి చూపిస్తే చెల్లెలు చాలాసేపు చూసి, "నాకోసం ఇంటినే తిప్పావుటే," అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. అదే కాగితం మీద తన గదిలో, మంచం నుంచి స్నానాల గది దాకా రెండు చుక్కల గీతలు పోతున్నాయి.

"ఇదేంటి?"

"పైకప్పుకి బిగించే రైలు."

"రైలా? ఎక్కడిదాకా పోతుంది?"

కొలతలమ్మ నవ్వలేకపోయింది. "దానికి జోలెలాంటిది వేలాడుతుంది. మనిషిని మంచం మీంచి లేపి, స్నానాల గదిలోకి..."

"ఏ మనిషిని?"

 వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వింటోంది.

"నేనింకా నా చేతుల మీద బలం పెట్టి కుర్చీలోకి మారుతున్నానక్కా," అంది చెల్లెలు. "నువ్వు నా జబ్బుకి ఇల్లు గీస్తున్నావు. దానికి ఎప్పుడెప్పుడు ఏమేం కావాలో అన్నీ ముందే అమర్చి పెడుతున్నావు. మరి నేనెక్కడుంటాను అందులో?"

కొలతలమ్మ పెన్సిలు తీసుకుని ఆ గీతలు కొట్టేసింది. దాచకుండానే చెప్పింది. "రైలు పెట్టను. పైకప్పులో దానికి సరిపడా బలం మాత్రం ఉంచుతాను. ఎప్పుడైనా నువ్వే అడిగితే అప్పుడు."

"ఉంచుకో. నేనడగను."

రైలు దగ్గర అక్కను ఓడించాననుకుందో, లేక అలసిపోయిందో, వంటగట్టు దగ్గరికొచ్చేసరికి చెల్లెలు పట్టు సడలించింది. తన కుర్చీ కిందికి దూరేలా పొట్టి గట్టు కావాలని మొదట్నుంచీ అడుగుతోంది. వద్దని కొలతలమ్మ వాదన. పొయ్యి దగ్గరికి వెళ్ళకూడని మనిషికి పొట్టి గట్టు ఎందుకు? వండేది అమ్మ. ఆవిడ ఎత్తుకు ఉండాలి గదా.

"సరే, అమ్మ ఎత్తుకే పెట్టు," అంది చెల్లెలు, మొహం గోడవైపు తిప్పుకుని.

చలికాలం మొదట్లో గదులు షెడ్డులో తయారవడం మొదలైంది. ఆ షెడ్డును నడిపే పెద్దమనిషిని అందరూ బాబాయి అనేవారు. మనిషి నెమ్మది, గొంతు గరుకు. ఆయనే ఒక రోజు, "చెల్లెల్ని తీసుకురా అమ్మాయ్, తన గది తను చూసుకోవద్దూ," అన్నాడు.

ముగ్గురూ వెళ్ళారు. షెడ్డులో వరసగా గదులు నిలబడి ఉన్నాయి, ఇంకా ఏ ఊరూ, ఏ వీధీ లేని గదులు. కిటికీల్లోంచి చూస్తే పక్క కిటికీలే కనిపిస్తున్నాయి. చెల్లెలు తన గది తలుపులోంచి కుర్చీని ఎక్కడా తగలకుండా లోపలికి పోనిచ్చింది, మధ్యలో గిర్రున ఒక చుట్టు తిరిగింది, మళ్ళీ తిరిగింది. పాత ఇంట్లో మంచానికీ బీరువాకీ మధ్య కుర్చీ మళ్ళాలంటే అమ్మ వచ్చి లాగాల్సిందే. ఇక్కడ ఆమె నవ్వుతూ తిరుగుతుంటే బాబాయి తలుపు దగ్గర చేతులు కట్టుకుని మురిసిపోయాడు.

ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళింది. గట్టు అప్పటికే బిగించారు. దాని ముందుకెళ్ళి ఆగింది. గట్టు సరిగ్గా ఆమె గడ్డం దాకా వచ్చింది.

"బాగుందే, గడ్డం పెట్టుకోవచ్చు," అని నిజంగానే గడ్డం ఆనించింది.

అమ్మ నవ్వింది. కొలతలమ్మ నవ్వింది. చెల్లెలు గడ్డం తీయలేదు. అలాగే ఉండి గట్టు మీదికి, దాని వెనక గోడలోకి చూస్తోంది. నలుగురు కూర్చుని తినే బల్ల దగ్గరికి వచ్చిన చంటిపిల్లలా ఉంది. ఎన్ని గంగాళాలు దించిన చేతులో అవి. కొలతలమ్మ నవ్వు మొహంమీదే ఎండిపోయింది.

"ఇది మార్చొచ్చా బాబాయి గారూ?" అంది చెల్లెలు.

బాబాయి కొలతలమ్మ వంక చూశాడు. "మార్చొచ్చమ్మా. కానీ ఆ గోడలో నీళ్ళ గొట్టాలు, కరెంటు తీగలు అన్నీ ఈ ఎత్తుకే వేశాం. గోడ విప్పాలి, కిందికి దించి మళ్ళీ మూయాలి. ఈలోగా మీ వంతు పోతుంది. వెనకాల బడులకి కట్టే గదుల ఆర్డరుంది, అది పెద్దది. అదయ్యేదాకా మీ పని మళ్ళీ ఎక్కదు. అంటే వానలు పడేవేళకి గానీ ఇల్లు రాదు."

"వద్దు," అంది కొలతలమ్మ వెంటనే. "వేసవికి ముందే నువ్వా ఇంట్లో ఉండాలి. దానికోసమే కదే ఇదంతా!"

"ఒక్క ఎండాకాలం ఓర్చుకుంటాను."

"ఓర్చుకోవడం నీ చేతిలో లేదు. పోయినేడు ఎలా అయిపోయావో చూశాను నేను."

"నేనూ చూశాను. నేనే కదా అది." చెల్లెలు గొంతు పెంచలేదు. "అక్కా, నేను వండుతానో లేదో నాకు తెలీదు. కానీ నా ఇంట్లో వంటగట్టు నాకు గడ్డం దాకా ఉంటే, రోజూ పొద్దున్నే లేచి నేనేం కాదో చూసుకోవాలి. కింద మోకాళ్ళు పట్టాలి. పైన మోచేతులు ఆనాలి. అంతే నేనడిగేది."

కొలతలమ్మ అమ్మ వైపు చూసింది, తన పక్షాన మాట్లాడుతుందేమోనని. అమ్మ పైటచెంగుతో ఆ కొత్త గట్టు మీద లేని దుమ్ము తుడుస్తోంది.

"దాని ఇల్లు," అంది అమ్మ. "దాన్నే అడుగు. నన్ను చూడకు."

వద్దని ఇంకోసారి అని ఉంటే చెల్లెలు మళ్ళీ లొంగిపోయేదే. అది కొలతలమ్మకు తెలుసు. అందుకే అనలేకపోయింది. "గోడ విప్పించండి బాబాయి గారూ," అంది.

ఆ వేసవి ఆ ముగ్గురినీ నమిలేసింది. అంతకుముందు చల్లబడితే తిరిగొచ్చే చేతులు ఈసారి తిరిగి రాలేదు. తడిగుడ్డలు చుట్టారు, ఐసు ముక్కలు తెచ్చారు, కిటికీలకు గోనెలు కట్టి తడిపారు. ఒక రోజు మాట తడబడి, చూపు చెదిరితే ఆసుపత్రిలో చేర్చారు. క్యాంటీనువాళ్ళు వంతులు వేసుకుని వచ్చి చూసి వెళ్ళారు. ఇంటికొచ్చేటప్పటికి చెల్లెలు గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాల్సి వచ్చింది, అదీ సగం నీళ్ళతోనే.

కొలతలమ్మ ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడేది కాదు. షెడ్డులో బడిగదులు ఒక్కొక్కటీ తయారై వెళ్ళిపోతుంటే మెట్ల మీద నిలబడి చూసేది. వాటి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు, పిల్లలు కూర్చునే గదులవి. ఒకసారి మాత్రం అమ్మ దగ్గర బయటపడిపోయింది. "ఆ రోజు నేను గట్టిగా వద్దనాల్సిందమ్మా. ఈపాటికి అది చల్లగా ఉండేది."

"ఉండేదేమో," అంది అమ్మ. "గడ్డం ఆనించుకుని ఉండేది."

వానలు మొదలయ్యాక ఇల్లు వచ్చింది. తడిసిన రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గదులను క్రేను ఎత్తి పునాది మీద దింపుతుంటే చెల్లెలు గొడుగు కింద కుర్చీలో కూర్చుని, "మెల్లిగా బాబూ, అందులో నా పడగ్గది ఉంది," అని క్రేను నడిపేవాడి మీద కేకలేసింది. గొంతులో పాత జోరు లేదు గానీ అతను నవ్వాడు. కొద్ది రోజుల్లోనే అతుకులు మూశారు, కరెంటు వచ్చింది, ముగ్గురూ లోపలికి అడుగు పెట్టారు. బయట వాన వెలిసి ఉక్కపోస్తోంది. లోపల వేరే ఊరికి వచ్చినట్టుంది. చెల్లెలు కళ్ళు మూసుకుని ఊపిరి తీసి వదిలింది.

"అమ్మా, ఒంటి మీద ఏమీ లేనట్టుందే," అంది. "ఇన్నాళ్ళూ ఎవరో మీద కూర్చున్నారు, ఇప్పుడు లేచారు."

మర్నాడు పొద్దున కొలతలమ్మ వచ్చేసరికి చెల్లెలు గట్టు దగ్గరే ఉంది. మోకాళ్ళు కిందికి దూరాయి. మోచేతులు పైన ఆనాయి. కొలత ఎక్కడా తప్పలేదు. వేడి బయటికి చిమ్మని ఇండక్షన్ పొయ్యి మీద నీళ్ళ గిన్నె ఉంది. దాన్ని ఎత్తి టీ గిన్నెలోకి వంచాలి. చెల్లెలు రెండు చేతులతో గిన్నె చెవులు పట్టుకుంది. గిన్నె లేవలేదు. మళ్ళీ పట్టుకుంది. వేళ్ళు వణికాయి, గిన్నె అంగుళం జరిగింది, అంతే. కత్తి తీసుకుని ఒక ఉల్లిపాయ మీద పెట్టి నొక్కింది. కత్తి పక్కకి పడుకుంది.

గుమ్మంలో నిలబడ్డ కొలతలమ్మ లోపలికి రావాలో, వెనక్కి వెళ్ళాలో తెలియక అక్కడే ఉండిపోయింది. సాయం చేస్తే ఒక తప్పు, చూస్తూ ఊరుకుంటే ఇంకో తప్పు. ఏ ఎండాకాలానికి ముందే ఇల్లు రావాలని తాను తొందరపడిందో ఆ ఎండాకాలమే ఈ చేతుల్ని తీసుకుపోయింది. గట్టు మాత్రం అందింది.

చెల్లెలు తల తిప్పకుండానే, "ఉన్నావని తెలుసులే," అంది. తర్వాత గొంతెత్తింది. "అమ్మా! ఇలా రా, కుర్చీ తెచ్చుకో."

మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ నిలబడే వండిన అమ్మ, కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. మొట్టమొదటిసారి కూర్చుని ఉల్లిపాయ తరిగింది.

"అంత లావుగానా? ఎద్దులకి పెడుతున్నావా? సన్నగా. ఇంకా సన్నగా. నూనె కాగనీ, తొందరెందుకు?"

"నీకు చెంచా పట్టుకోవడం నేర్పినదాన్ని నేనే," అంది అమ్మ.

"నేర్పావు, తర్వాత నువ్వు మర్చిపోయావు."

అలా మొదలైంది. ఆ వానాకాలమంతా, చలికాలం సగం దాకా, ఆ ఇంట్లో చేతులు అమ్మవి, నోరు చెల్లెలిది. సాయంత్రం కొలతలమ్మ గేటు దగ్గరికి వచ్చేసరికే ఆ దెబ్బలాట వినబడాలి, కానీ గోడలు శబ్దాన్ని కూడా ఆపేసేవి. తలుపు తీసిన క్షణంలో ఒక్కసారిగా మీద పడేది, మసాలా వాసనా, కేకలూ, నవ్వులూ కలిసి. ఆమె చెప్పులు విప్పుతూ కావాలనే ఆలస్యం చేసేది. జీవితంలో తాను గీసిన ఇళ్ళన్నిటిలోకీ ఇది ఒక్కటే తాను గీసినట్టు లేదనిపించేది, వాళ్ళిద్దరే లోపల్నుంచి కట్టుకున్నట్టుండేది.

చలి ముదిరిన రోజుల్లో ఒక ఆదివారం, అమ్మ బజారుకు వెళ్ళినప్పుడు చెల్లెలు పిలిచింది.

"అక్కా, ఆ రైలు పెట్టించు."

కొలతలమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అమ్మ నన్ను లేపేటప్పుడు పళ్ళు బిగబట్టుకుంటోంది. నాకు వినపడదనుకుంటోంది." కాసేపు కిటికీలోంచి మలుపు వైపు చూసింది. "అడగనన్నాను. అడుగుతున్నాను. ఇంకోసారి అడిగించకు."

బాబాయి స్వయంగా వచ్చి పైకప్పుకి ఆ రైలు పట్టా బిగించాడు. అందుకోసం ఉంచిన బలం అక్కడ సిద్ధంగా ఉంది. తొలిసారి జోలెలో లేచినప్పుడు చెల్లెలు "కూ..." అని రైలు కూత వేసింది. అమ్మ నవ్వుతూనే స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి పెద్దగా తిప్పింది.

తర్వాత దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులకు కఫాన్ని బయటికి నెట్టే బలం కూడా తగ్గిపోయింది. ఆసుపత్రికి వెళ్దామంటే వద్దంది, అక్కడి కూరలో ఇప్పుడు ఉప్పు వేయడం ఎవరికీ రాదని. డాక్టరు ఇంటికే వచ్చి చూసి, గుమ్మం బయట కొలతలమ్మ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఒక మధ్యాహ్నం బడి వదిలిన వేళ, పిల్లలు మలుపు తిరుగుతుండగా, చెల్లెలు పోయింది. అమ్మ పక్కనే ఉంది. కొలతలమ్మ ఆ వేళకు ఆఫీసులో ఓ కొత్త జంటకు గదులు ఎలా కలుపుకోవచ్చో వివరిస్తోంది. ఫోన్ మోగింది. బాబాయి తన స్కూటరు మీద తీసుకొచ్చి దింపాడు. 

ఇంటికి వచ్చిపోయే జనం తగ్గాక, అమ్మ ఆ ఇంట్లోనే ఉంటానంది. కానీ చెల్లెలి గది ఆమెను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. తలుపు మూసి ఉంచితే లోపల ఎవరో ఉన్నట్టుండేది. తెరిచి ఉంచితే ఎవరూ లేరని తెలిసేది. ఒక రోజు కొలతలమ్మ వచ్చేసరికి అమ్మ ఆ గుమ్మానికి అడ్డంగా నేల మీద కూర్చుని ఉంది.

"ఈ గది తీసేయొచ్చా?" అని అడిగింది.

"ఏంటమ్మా ఆ మాట!"

"నువ్వే చెప్పావుగా, తగిలించుకోవచ్చు, విప్పుకోవచ్చు అని. ఎవరైనా కావాలన్నారా ఇలాంటిది?"

ఎవరూ అడగలేదని అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆ వారమే ఒకామె ఆఫీసుకు వచ్చింది. మంచం పట్టిన మొగుడికోసం ఇంటి పక్కన ఒక గది కావాలని, త్వరగా కావాలని. షెడ్డులో వంతు లేదని కొలతలమ్మే ఆమెకు చెప్పి పంపింది. ఆ సంగతి నోరు జారి చెప్పేసింది.

"ఇచ్చేయ్ ఆమెకి," అంది అమ్మ.

"అది మన గడుగ్గాయి గదమ్మా."

"అవును. అందుకే నావల్ల కావడం లేదు." అమ్మ గోడ పట్టుకుని లేచింది. "పుణ్యం కోసం అనుకునేవు. కాదు. నేను బతకాలి కదే."

కొలతలమ్మ ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ గది కిటికీ కోసం ఇల్లంతా తిప్పిన మనిషి తాను. చివరికి తానే కూర్చుని, గది పోయాక మిగిలే ఖాళీని మూసే గోడ గీసింది. అంత చిన్న బొమ్మకు అంత కాలం ఆమెకు ఎప్పుడూ పట్టలేదు.

క్రేను మళ్ళీ వచ్చింది. బాబాయి మనుషులు అతుకు విప్పారు. అమ్మ అంతకుముందే లోపలికెళ్ళి కర్టెన్లు తీసింది, కిటికీ గడియ వేసింది, వేశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసింది. గొలుసులు బిగిశాయి. గది ఒకసారి మూలిగి నేలను వదిలింది. కిటికీలో ఆకాశం, తర్వాత రోడ్డు మలుపు, తర్వాత మళ్ళీ ఆకాశం తిరిగాయి. మెల్లిగా అని ఈసారి ఎవరూ కేకేయలేదు. క్రేను నడిపే అతను గుర్తుపట్టాడో ఏమో, అవసరమైన దానికన్నా మెల్లిగా దింపాడు.

సాయంత్రంలోగా కొత్త గోడ నిలబెట్టారు. గాలి ఎక్కడైనా చొరబడుతోందేమో చూడటం కొలతలమ్మ పని. వీధి తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి, ఇంట్లో గాలి బయటికి లాగించి, అతుకుల వెంట అరచెయ్యి పెట్టి చూసుకుంటూ వెళ్ళాలి. ఫ్యాను హోరుకి పక్కమనిషి మాట కూడా వినపడదు. ఆమె కొత్త గోడ అంచు వెంట కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చెయ్యి పెట్టి చూసింది. ఎక్కడా చిన్న సందు లేదు. ఆసుపత్రి దగ్గర, శ్మశానం దగ్గర, ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. గోడకి నుదురు ఆనించి, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పరీక్షకు కావలసిన దానికన్నా చాలాసేపు ఆ ఫ్యాను తిరిగింది. బయట అరుగు మీద కూర్చున్న అమ్మ, ఇంకా కాలేదా అని అడగలేదు.

ఆ ఏడు ఎండలు అందరూ చెప్పుకునేంతగా కాశాయి. కొలతలమ్మ రోజూ ఆఫీసు నుంచి అమ్మ దగ్గరికే వెళ్ళేది. ఒక సాయంత్రం వెళ్ళేసరికి అమ్మ తలుపు తీయడానికి ఆలస్యమైంది. ఆమె మొహం మీద దిండు ముడతలున్నాయి.

"పడుకున్నావా?"

అమ్మ ఏదో తప్పు చేసి దొరికిపోయినదానిలా పైట సర్దుకుంది. "నిద్ర పట్టేసింది. మధ్యాహ్నం నడుం వాలిస్తే ఇప్పుడే మెలకువ. చెమటే పట్టడం లేదు ఈ ఇంట్లో." అలా అని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కళ్ళు నిండాయి. "దానికోసం చేయించిన చల్లదనమే ఇది. నేను నిద్రపోతున్నానే, అమ్మాయ్. హాయిగా నిద్రపోతున్నాను."

కొలతలమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, వేడి రాకుండా వెనకే తలుపు మూసింది.